పసుపు పెట్టిన ఫోను

మహర్నవమి పొద్దున తొమ్మిది గంటలకు, ఎమ్మిగనూరులో మగ్గం లింగన్న ఇంట్లో సెల్‌ఫోను కన్ను మూసింది. ముందురోజు దాకా కోడికంటే ముందు కూసిన ఫోను అది. దాని గొంతు ఎంత పెద్దదంటే, ఈ ఇంట్లో మోగితే మూడు వీధుల అవతల మగ్గాలు ఆగిపోయేవి! అలాంటిది, కోడలు పవిత్ర మీట నొక్కి నొక్కి బొటనవేలు కందిపోయినా ఉలకలేదు, పలకలేదు. చార్జరు పెట్టింది. దీపం వెలగలేదు. కొంగుతో తుడిచింది, ఊదింది, ఎండలో పెట్టింది. మామ లింగన్న దాన్ని చెవికి ఆనించుకుని, నాడి చూసే వైద్యుడిలా కళ్ళు మూసుకుని విన్నాడు.

"లోపల మనిషి ఉండాడమ్మా. అలిగినాడు, అంతే. మా నాయన కాలంలో ఒక గోడ గడియారం ఇట్లనే అలిగింది. బెల్లం ముక్క చూపిస్తే, రెండేండ్లుగా కొట్టని గంటలన్నీ ఒకేసారి కొట్టింది."

పవిత్ర నవ్వలేదు. నవ్వే స్థితిలో లేదా పిల్ల... మగడు గోపీ చీరల మూటతో వేంపల్లె పోయి ఉన్నాడు. మనసు చెప్పుకునే దిక్కు లేదు. ఆరోజు పగలు పన్నెండు గంటలకు ఆమె కన్నతల్లి ఈరక్క ఫోను చేయబోతోంది. రెండేళ్ళ తర్వాత మొదటిసారి!

ఈ రెండేళ్ళ ఎడబాటుకు మూలం ఒక చీర. పవిత్ర పెళ్ళిచీరను అత్త హనుమమ్మ నెలరోజులు కూర్చుని తన చేత్తో నేసింది. ఆలూరులో పెళ్ళిపందిట్లో అందరూ ఆ చీరను పొగుడుతుంటే, ఈరక్క దాని అంచును చెంబు నీళ్ళలో ముంచి చూసింది. అంతకుముందు రెండు చీరలు కొని మోసపోయిన మనిషి, చెయ్యి ఊరుకోలేదు. చెంబులో నీళ్ళు ఎర్రబడ్డాయి. నేతపని ఇంటి ఆడదానికి నలుగురిలో అంతకంటే తలవంపు ఏముంటుంది? హనుమమ్మ విస్తరి ముందు నుంచి సగంలో లేచి వచ్చేసింది. ఆనాటి నుంచి ఆ గడప వాళ్ళు ఈ గడప తొక్కలేదు, ఈ గడప వాళ్ళు ఆ గడప తొక్కలేదు. నడుమ నలిగిపోయింది మాత్రం పవిత్ర.

పోయిన వారం ఆలూరు బస్సు కండక్టరు గిడ్డయ్య కబురు తెచ్చాడు. "పాపా, మీ అమ్మ నవమినాడు పన్నెండుకు బస్టాండు కాడుండే రూపాయి ఫోను నుంచి చేస్తాదంట. ఒక్కసారే చేస్తాదంట. ఎత్తకపోతే మళ్ళా చెయ్యదంట."

ఈరక్క సంగతి తెలిసినవాళ్ళెవరూ ఆ మాటను తేలిగ్గా తీసుకోరు. ఇప్పుడామె నంబరు నొక్కితే, ఫోనులో ఉండే ఆ తియ్యటి ఆడగొంతు స్విచాఫ్ అని చెబుతుంది. కూతురే కావాలని ఆపేసిందనుకుంటుంది తల్లి. ఈరక్క ఇంట్లో ఫోను లేదు. ఇక్కడినుంచి చెప్పే దారి లేదు. ఫోనుతో కుస్తీ పడుతుండగానే పదకొండు దాటింది, ఇక బస్సెక్కి పోయినా పన్నెండుకు అందుకోలేదు.

"అత్తా, యెనక మూత తీసి బ్యాటరీ సరిగ్గా పెట్టి చూస్తా" అంది పవిత్ర.

హనుమమ్మ గబుక్కున ఫోనుమీద చెయ్యి వేసింది. "వద్దు. పూజ చేసిండేది. రేపు దశమి దాకా దాన్ని ఇప్పగూడదు. నాడె కదిపినామా? మగ్గం తొక్కినామా?"

నిజమే. తెల్లవారకముందే లేచి ఆమె మగ్గానికి, పేకలో దారం నడిపే నాడెకు, రాట్నానికి, కత్తెరకు బొట్లు పెట్టి ఆయుధపూజ చేసింది. షావుకార్లు చీరలు నెయ్యమని చెప్పేది దాంట్లోనే కాబట్టి, ఫోనూ ఆ వరుసలోకి చేరింది. నలభై ఏళ్ళ కాపురంలో పూజచేసిన పనిముట్టును దశమిలోగా ఆమె కదిపి ఎరగదు.

కానీ పవిత్రకు ఆ మాట మరోలా తగిలింది. రెండేళ్ళుగా గొంతులో దాచుకున్నదంతా ఒక్కసారిగా పొంగుకొచ్చింది. "మీటలు ఒత్తుతాంటే ఊరకుండి, మూత ముట్టుకుంటానే వద్దంటాండావే అత్తా... బాగైతాదేమోనని భయమా? మా అమ్మ గొంతు ఈ ఇంట్లో వినపడగూడదు, అంతే కదా నీకు? చీర రంగు పోయిందని రెండేండ్లు నా తల్లిని నాకు లేకుండా చేస్తివి. ఇంకా ఎన్నాళ్ళు?"

హనుమమ్మ ముఖం తెల్లబోయింది. కొంచెంసేపు మగ్గంవైపు చూసింది. తర్వాత ఒక చేత్తో లెంపలు వేసుకుని, పూజచేసిన ఆ ఫోనును తీసి కొంగులో ముడివేసుకుంది. చెప్పులు కూడా వేసుకోకుండా ఎండలోకి నడిచి వెళ్ళిపోయింది.

లింగన్న గొంతు సవరించుకున్నాడు. ఈసారి ఆయన ముఖంలో హాస్యం లేదు.

"ఒకటి అడుగుతా పాపా. ఈ నంబరు మీ అమ్మకు ఎవరిచ్చినారు?"

"గిడ్డయ్య మామ ఇచ్చింటాడు."

"వానికి వాని బస్సు నంబరే గుర్తుండదు. పోయిన నెల దినామూ నువ్వు నీళ్ళకు పోయొచ్చేతలికి మీ అత్త ఆ మూల మగ్గంమీద గుడ్డ కప్పుతాండె, చూసినావు కదా? మీ అమ్మకు నేస్తాండిన చీర అది. కాగితం మీద రాసి పంపితే పారేస్తాదని, నంబరును కొంగులోనే నేసింది. ఆమెకు అంకెలు యాడొచ్చు? నేను చెప్తాంటే చుక్కలు పెట్టింది. తొమ్మిదికి తొమ్మిది చుక్కలు, రెండుకు రెండు, సున్నాకు ఖాళీ. చుక్కల సంగతి చెప్పమని గిడ్డయ్య చేత పంపించింది. ఈరక్క ఒకేళ ఫోను చెయ్యకపోతే నువ్వు ఆశపడి మళ్ళా ఏడుస్తావని, నీకు చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకుంది."

పవిత్ర విన్నది. విని, నిలుచున్నచోటే గోడ పట్టుకుంది. ఆ తర్వాత పరుగెత్తింది.

పండగపూట బజారంతా మూసి ఉంది. తెరిచి ఉన్నది ఏసేపు సెల్లుల దుకాణం ఒక్కటే. అతనికి దసరా లేదు మరి. హనుమమ్మ ఇచ్చిన ఫోను మూత తీసి ఏసేపు నోరు తెరుచుకుని చూశాడు.

"పెద్దమ్మా, దీనికి లోపల కూడా పూజ చేసినారా?"

బ్యాటరీ ఆనే ఇత్తడి పళ్ళ నిండా పసుపు ముద్ద. దానిపైన నిండుగా కుంకుమ బొట్టు. టెంకాయ నీళ్ళ తడి కూడా.

"నాడెకు పైన బొట్టు పెడితే సాలదప్పా, లోపల కండెకు పెట్టల్ల. దారం వచ్చేది ఆడనుంచే కదా. దీంట్లో మాట యాడనుంచి వస్తాదో ఆడ పెట్టినా. మా వియ్యపురాలి మాట ఈపొద్దు తెగకుండా రావల్లని మొక్కుకోని పెట్టినా. అదే దాని గొంతుకు అడ్డం పడిందా, ఏసేపూ?"

అతను నవ్వబోయి, ఆమె కళ్ళు చూసి మానుకున్నాడు. పాత బ్రష్షుతో పసుపు గీకి, స్పిరిట్ దూదితో తుడిచాడు. "ఇది ఆరల్లంటే గంట పడ్తాది."

గోడ గడియారంలో పన్నెండుకు ఐదు నిమిషాలు ఉంది. హనుమమ్మ అక్కడే కూలబడింది.

"ఏడవద్దు పెద్దమ్మా. మాట వచ్చేది బ్యాటరీలోంచి కాదు, ఈ గోరంత సిమ్ములోంచి. దీన్ని నా ఫోనులో ఏస్తా."

"అట్లైతే బొట్టు దానికి పెట్టల్ల ఉండె."

"వద్దు తల్లీ, నీకు దండం పెడ్తా."

పన్నెండు దాటి రెండు నిమిషాలకు ఏసేపు ఫోను మోగింది. అతను పచ్చ మీట నొక్కి అందిస్తే, హనుమమ్మ దాన్ని తలకిందులుగా పట్టుకుంది. అతనే తిప్పి చెవికి ఆనించాడు. సరిగ్గా అప్పుడే పవిత్ర రొప్పుతూ గడప దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

"పవిత్రా?" అంది ఈరక్క గొంతు. ఆ ఫోనులో గుసగుస కూడా వీధంతా వినబడేది.

"నేను వదినా. హనుమమ్మను."

అవతల ఆలూరు బస్టాండు చప్పుడు. దాని నడుమ ఈరక్క మెల్లగా, "పాప మాట్లాడనంటాండాదా?"

"లేదొదినా. తెల్లారినప్పటినుంచి నీకోసం పచ్చి నీళ్ళు ముట్టలా. ఫోను చెడగొట్టింది నేనే. ఇదొకటే కాదు... ఆ పెండ్లిచీర రంగు కూడా సరిగ్గా పట్టలేదని నాకు ముందే తెలుసు. ముహూర్తం దగ్గర పడిందని నూలును రంగులో ఇంకొకనాడు ఉంచకుండా తీసేసినా. నీ మీద కోపంతో విస్తరి ముందు నుంచి లేచి రాలా వదినా. నా ముఖం చూపించుకోల్యాక పోయినా. నీ కూతురికి నిన్ను దూరం చేసినా. నన్ను ఏమన్నా అను, ఆ పిల్లను మాత్రం అనొద్దు."

గడప దగ్గర పవిత్ర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నువ్వు పంపిన చీర మూడుసార్లు ఉతికినా వదినా" అంది ఈరక్క. "మొదటిసారే నీళ్ళు తేటగా ఉండాయి. మిగతా రెండుసార్లు ఊరికే... చూసుకుంటా ఉతికినా. ఇప్పుడు అదే కట్టుకోని, చుక్కలు ఎంచుకుంటా నంబరు ఒత్తినా. ఉండు, ఇంకో రూపాయి ఏస్తా. పాపను పిలువు."

హనుమమ్మ తిరిగి చూసింది. పవిత్ర ఫోను అందుకోలేదు. ముందు పసుపు అంటిన అత్త చేతిని రెండు చేతులతో పట్టుకుని, కళ్ళకు అద్దుకుంది. ఆ తర్వాతే ఫోనులో, "అమ్మా, నేనూ అత్తా ఇద్దరం ఈడనే ఉండాం" అంది.

ఫోను సాయంత్రానికి బాగైంది. కానీ ఆనాటి నుంచి ఈరక్క ఫోను చేసినప్పుడల్లా దాంట్లోంచి పసుపు వాసన వస్తుందని లింగన్న ఊరంతా చెప్పుకుంటాడు. ఆయన మాట ఎవరు నమ్ముతారు? పవిత్ర మాత్రం అమ్మ ఫోను రాగానే ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తుంది. చూసి, ముందుగా అత్త చేతికిస్తుంది.