మేడమ్ గారి సొంత కూతురు

పొద్దున్నే సుకన్య వంటింట్లో చిత్రాన్నం కలుపుతోంది. గట్టు మీద మూడు డబ్బాలు వరసగా పెట్టుకుంది. ఒకటి భర్త చంద్రశేఖర్‌కి, ఒకటి కూతురు చందనకి. మూడో డబ్బాలోకి మాత్రం వేయించిన శెనక్కాయ గింజలు పిడికెడు ఎక్కువే పడ్డాయి. గుమ్మంలో నిలబడి జడ అల్లుకుంటున్న చందన కళ్ళు ఆ పిడికిటి మీదే ఉన్నాయి.

"ఎవురికి మా అది? మళ్ళా ఆ వరలక్ష్మికేనా?"

"పాపం, గోరంట్ల అవతల్నుంచి నా క్లాసుకు వస్తాండాది. పొద్దున ఏమీ తినకుండానే బస్సెక్కుతాది."

"నాకు పది గింజలేసి ఆమెకు డబ్బా నింపినావే!"

"ఏమే, శెనక్కాయల కాడ కూడా వంతులేనా నీకు?" అని నవ్వేసి సుకన్య స్నానానికి వెళ్ళిపోయింది. చందనకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఇరవై ఏళ్ళు నిండిన పిల్లకు గింజల కోసం ఉక్రోషమేమిటని మీరు అడగొచ్చు. ఉక్రోషం గింజల కోసమైతే కదా!

సుకన్య ఎమ్మెస్సీ లెక్కలు చదివింది. పెళ్ళయ్యాక ఆ చదువు పాల లెక్కకీ పేపరు లెక్కకీ తప్ప పనికి రాలేదు. కూతురు హిందూపురంలో డిగ్రీలో చేరాక, పగలంతా తోచక, పెనుకొండ బస్టాండు వెనక కోచింగ్ సెంటర్లో బ్యాంకు పరీక్షలకు లెక్కలు చెప్పడం మొదలుపెట్టింది. మొదట నలుగురే. ఇప్పుడు బెంచీలు చాలక కిటికీ దగ్గర నిలబడి వింటున్నారు. ఒకప్పుడు మధ్యాహ్నం నిద్రపోయి బద్ధకంగా లేచే మనిషి, ఇప్పుడు మెట్లు దిగడం చూస్తే పెళ్ళికి వెళ్తున్నట్టుంటుంది. వీధిలో కుర్రాళ్ళు బండి ఆపి మరీ నమస్కారం పెడతారు. చందనను చూసి, "మేడమ్ వాళ్ళ పాప" అంటారు. అదేదో పెద్ద బిరుదైనట్టు!

అమ్మ ఫోన్ మోగింది. చందన ఎత్తింది.

"అక్కా, మేడమ్ ఉండారా? నేను వరలక్ష్మిని. సదివింది సాలు, ధర్మవరంలో పిన్నమ్మోళ్ళింట్లో పట్టు పనికి పొమ్మంటాండాడు మా నాయన. వచ్చే నెలే పరీక్షక్కా. మేడమ్ ఒక్క మాట చెప్తే ఇంటాడు."

చందన ఒక్క క్షణం స్నానాల గది వైపు చూసింది. "మీ ఇంటి పంచాయితీలకు మేడమ్ రాదంట. ఇంక ఫోన్ చెయ్యద్దని చెప్పమన్నాది."

ఫోన్ పెట్టేసింది. అబద్ధం అంత నున్నగా నోట్లోంచి ఎలా జారిందో ఆమెకే తెలియలేదు.

"ఎవురే?" తల తుడుచుకుంటూ వచ్చింది సుకన్య.

"రాంగ్ నంబర్ మా."

ఆ రోజు మూడో డబ్బా తీసుకెళ్ళినట్టే తిరిగొచ్చింది. మర్నాడూ అంతే. సుకన్య ఫోన్ చేస్తే ఆ పిల్ల ఎత్తలేదు. వారం తిరిగేసరికి సుకన్యకు అన్నం సయించకుండా పోయింది. చందనకు మొదట్లో లోపల్లోపల సంతోషమే. తర్వాత్తర్వాత అమ్మ ముఖం చూడలేక తన గదిలోకి తప్పుకోసాగింది.

ఒక సాయంత్రం సుకన్య చెప్పులు కూడా విప్పకుండా నేరుగా చందన గదిలోకొచ్చింది.

"మా క్లాసులో ప్రేమ్ కుమార్‌ది వరలక్ష్మి వాళ్ళ ఊరే. అన్నీ చెప్పినాడు. ఫోన్ చెయ్యద్దని నేనెప్పుడు చెప్పినానే?"

చందన చూపు పుస్తకంలోకి దించుకుంది.

"ఆ పిల్ల బంగారట్ల సదువుకుంటాంటే మగ్గం కాడ కూర్చోబెట్టినావు గదే! ఏమి పాపం చేసింది నీకు?"

"ఏమి చేసిందా?" చందన ఒక్కసారిగా లేచింది. "నిన్ను తీసుకున్నాది! వాళ్ళకు రాకపోతే పదిసార్లు చెప్తావు. నవ్వతా చెప్తావు. కిటికీ కాడ నిలబడి నేను చూడలేదనుకున్నావా? నేను స్టాటిస్టిక్స్ తప్పినప్పుడు ఏమన్నావు మా? 'ఇంత మొద్దువి, నా కడుపున ఎట్ల పుట్టినావే' అన్లేదూ? పుస్తకం మొగాన కొట్టలేదూ? ఆ పొద్దు నుంచి నిన్ను ఒక్క లెక్కన్నా అడిగినానా?"

సుకన్య మంచం మీద కూలబడింది.

"వాళ్ళకు రాకపోతే మళ్ళా చెప్పల్లనిపిస్తాది పాపా," అంది గొంతు తగ్గించి. "నీకు రాకపోతే నాకు భయమైతాది. నేనే తప్పినట్టుంటాది. ఇన్నేండ్లు ఈ ఇంట్లో నేనెవురో నాకే తెలీదు. ఆ పిల్లోళ్ళ ముందర నిలబడినాకనే తెలిసింది. ఆ సంబరంలో నిన్ను మర్సిపోయినానేమో. ఆ మాట మాత్రం అనకూడదు. తప్పే." కొంగుతో కళ్ళు ఒత్తుకుని లేచింది. "పొద్దున్నే ధర్మవరం పోతా. నేనే పిల్చుకొస్తా."

"నువ్వొద్దు. నేను చేసిన దానికి నేనే పోతా."

మర్నాడు కొత్తచెరువు మీదుగా వెళ్ళే బస్సెక్కింది. ధర్మవరంలో ప్రేమ్ కుమార్ చెప్పిన గుర్తులతో పిన్నమ్మోళ్ళ ఇల్లు వెతుక్కుని వెళ్ళేసరికి వరలక్ష్మి వసారాలో రాట్నం ముందు కూర్చుని పట్టు దారం కండెలకు చుడుతోంది. చందనను చూసి గబుక్కున లేచింది.

"మేడమ్‌కి బాగుండాదా అక్కా?"

ముందుగా ఆ మాటే అడిగింది! చందనకు తల ఎత్తబుద్ధి కాలేదు. "ఆ పొద్దు మేడమ్ ఏమీ అనలేదు వరలక్ష్మీ. నువ్వు ఫోన్ చేసినట్టే ఆమెకు తెలీదు. నేనే కల్పించినా."

"ఎందుకక్కా?"

"కుళ్ళు. నీ మీద కుళ్ళు."

వరలక్ష్మి నమ్మలేనట్టు చూసింది. కోపం వస్తుందేమోనని చందన ఎదురుచూసింది. ఆ పిల్ల కళ్ళలోంచి బొటబొటా నీళ్ళు కారాయి.

"నా మీదనా? నాకు అమ్మ ల్యాదక్కా. బస్సులో వచ్చేటప్పుడంతా నీ మీదే నాకు కుళ్ళుగా ఉంటాండె. సాయంత్రమైతే మేడమ్ నీ ఇంటికే గదా పోయేది!"

చందన ఆ పిల్లను పట్టుకుని అక్కడే, పట్టు కండెల మధ్య, వెక్కి వెక్కి ఏడ్చింది. ఏమైందోనని పిన్నమ్మ పరుగెత్తుకొచ్చింది.

సుకన్య ఫోన్లో మాట్లాడితే వరలక్ష్మి నాయన హనుమంతు మెత్తబడ్డాడు. "మీరే పట్టించుకోలేదనుకుని పంపిచ్చేసినా తల్లీ. మీరు చెప్తాంటే ఇంకేముండాది? పరీక్ష రాయనీండి," అన్నాడు.

ఆ ఆదివారం క్లాసులో సుకన్య సంభావ్యత చెబుతోంది. సంచిలో ఎర్ర బంతులు, నీలం బంతులు. వెనక బెంచీలో వరలక్ష్మి పక్కన చందన కూర్చుంది. చెయ్యి మెల్లగా పైకెత్తింది.

"మేడమ్... నాకు అర్థం కాలేదు."

క్లాసంతా వెనక్కి తిరిగింది. సుకన్య రెండోసారి చెప్పింది. చందన తల అడ్డంగా ఊపింది. మూడోసారి చెబుతుంటే సుకన్య గొంతు పెరిగింది, కనుబొమలు ముడిపడ్డాయి. "ఇంత చిన్న..." అని, చటుక్కున ఆగిపోయింది. కూతురి ముఖంలో బెదురు కనబడింది. ఆ బెదురు కొత్తది కాదు. ఇన్నాళ్ళూ చూసి కూడా చూడలేదంతే.

సుకన్య సుద్దముక్క బల్ల మీద పెట్టేసింది. బెంచీల మధ్య నుంచి నడిచి వచ్చి, వరలక్ష్మిని కొంచెం జరగమని, కూతురి పక్కన ఇరుక్కుని కూర్చుంది.

"నేను చెప్పేది సరిగ్గా ల్యాదు. యాడ ఆగిపోయినావో నువ్వు చెప్పమ్మా. ఆడ్నుంచి ఇద్దరం పోదాం."

చందనకు కళ్ళు నిండిపోయి అంకెలు కనబడలేదు. అమ్మ భుజానికి భుజం ఆనించి, అర్థం కాని చోటు వేలితో చూపించింది.