ఏడుంపావు వేడి

"మీ బెలూన్ అబద్ధమాడుతోంది," అంటూ ఆమె కాగితం బల్లమీద పడేసింది.

"మీ పెట్టెకే జ్వరమొచ్చింది," అన్నాడతను తలెత్తకుండా.

ఆ వాతావరణ కేంద్రంలో మూడు వారాలుగా ఇదే గొడవ. అతను రోజూ బెలూన్ ఎగరేసి గాలిలో వేడి, తేమ కొలుస్తాడు. అందుకే అందరికీ బెలూన్ బాబు. ఆమెది డాబా మీది రేడియోమీటర్ పెట్టె. గాలి తనంతట తాను వెలువరించే సన్నని తరంగాలైన మైక్రోవేవ్‌లను పట్టుకుని, అదే లెక్క నేలమీద నుంచే చెబుతుంది. రోజంతా బుద్ధిగా ఉండే పెట్టె, ఉదయం ఏడుంపావుకు మాత్రం పిచ్చెక్కినట్టు అంకెలు పెంచేస్తోంది.

"సోమవారంలోగా తేలకపోతే వెనక్కి పంపేద్దాం," అన్నారు పెద్దసారు.

రెండేళ్లు కాళ్లరిగేలా తిరిగి తెప్పించుకున్న పెట్టె! ఆమెకు ఒళ్లు మండిపోయింది. వైర్లన్నీ విప్పింది, మళ్లీ బిగించింది. ఫలితం లేదు.

శనివారం పొద్దున్నే డాబా ఎక్కి, నీళ్ల ట్యాంకు చాటున కాపు కాసింది.

సరిగ్గా ఏడుంపావుకు బెలూన్ బాబు వచ్చాడు. చేతిలో మెత్తని గుడ్డ. పెట్టె మీదికి వంగి, పసిపాప మొహం తుడిచినట్టు పై మూత మీది మంచు తడి తుడవసాగాడు.

"ఏం చేస్తున్నారక్కడ?"

అతను ఉలిక్కిపడ్డాడు. "తడి ఉంటే అంకెలు తప్పొస్తాయని మీరే అన్నారుగా... అందుకని రోజూ..."

ఆమె తల పట్టుకుంది. "మహానుభావా! వేడి ఉన్న ప్రతిదీ మైక్రోవేవ్‌లు వెదజల్లుతుంది. మనిషి ఒళ్లు కూడా! ఆకాశాన్ని చూడాల్సిన పెట్టె రోజూ మీ పొట్టని చూస్తోంది!"

"అయ్యో! మరి ముందే చెప్పకూడదా?"

"తుడుస్తున్నానని మీరు చెప్పారా?"

"చెబితే ఎందుకని అడుగుతారుగా."

"అడుగుతున్నా. ఎందుకు?"

అతను గుడ్డ నలిపాడు. "దానికి బాగోకపోతే మీరు అన్నం మానేస్తారు. చూడలేక."

నోటిదాకా వచ్చిన తిట్లన్నీ ఆమె మింగేసింది. కోపమైతే పోలేదు, కానీ దాన్ని తోసుకుని నవ్వు వచ్చేలా ఉంది. గబగబా మెట్లు దిగిపోయింది.

సోమవారం అతనే పెద్దసారు ముందు నిలబడ్డాడు. "తప్పు పెట్టెది కాదు సార్, నాది."

పెద్దసారు అంతా విని, వెనక్కి పంపే ఉత్తరం చించేశారు. కళ్లజోడు మీదుగా ఆమెను చూశారు. "ఇంకేమైనా ఫిర్యాదు ఉందామ్మా ఇతని మీద?"

"ఉంది సార్," అంది ఆమె విసుగ్గా. "మూడు వారాలు పెట్టెకి సేవ చేశారు గానీ, ఒక్కరోజైనా నన్ను కాఫీకి పిలవలేదు."

అతను ఆమె వైపు తిరిగాడు.

"ఇప్పుడు... పిలవనా?" అన్నాడతను.

"ఇంకా అడుగుతూ నిలబడ్డారా!" అంది ఆమె, అప్పటికే గుమ్మం దాటుతూ.