రాజుగారికి మాట అందించినవాడు

"ఈ సాయంత్రం ఒక మనిషిని చంపబోతున్నారు," అన్నాడు చీఫ్. "ఆ మనిషి మీ అక్క."

అమ్మ పోయాక ఏజెంట్ నైన్‌ని పెంచింది ఆ అక్కే. ఇప్పుడు సైఫర్ సెక్షన్‌లో కళ్లజోడు పెట్టుకుని శత్రువుల కోడ్‌లు విప్పుతోంది. తప్పు కనబడితే కోడ్‌నీ వదలదు, తమ్ముణ్నీ వదలదు.

"పాత రాతి థియేటర్‌లో మ్యూజికల్. ఆమెకి మూడో వరుసలో టికెట్ ఎవరో కానుకగా పంపారు. చివరి పాటలో కంచు తాళాలు మోగుతాయి. ఆ మోతలో తుపాకీ పేలినా ఎవరికీ తెలీదు."

"అక్కని వెళ్లొద్దంటే సరిపోతుంది కదా సార్?"

"ఈ రోజు కాకపోతే రేపు కొడతారు. షూటర్ దొరకాలి. నువ్వు నటులకి డైలాగులు అందించే ప్రాంప్టర్‌గా వెళ్తున్నావు. కథానాయిక మన మనిషే. కోడ్ వర్డ్ 'గొడుగు తెచ్చారా?' జవాబు 'మబ్బే లేదుగా.'"

పెట్టుడు మీసంతో వచ్చిన నైన్‌కి స్టేజ్ మేనేజర్ ఒకటే జాగ్రత్త చెప్పాడు. "మా రాజు వేషగాడిది కంచు గొంతు, కానీ ఒక్క ముక్క గుర్తుండదు. నువ్వేది అందిస్తే అది పాడేస్తాడు. పోయిన వేసవిలో ప్రాంప్టర్ దాహమేస్తోందని గొణిగితే, దానికీ రాగం తీశాడు. భటులు వేసేది రోజుకూలీలు. రాజు ఏమంటే అది చేస్తారు."

రాణి వేషంలో కథానాయిక ఎదురొచ్చింది. అంత అందం చూసి నైన్ కోడ్ వర్డ్ మర్చిపోయినంత పనయింది.

"గొడుగు తెచ్చారా?"

"మబ్బే లేదుగా," అని నవ్వి, స్టేజీ కిందున్న ప్రాంప్టర్ గూటిలోకి దారి చూపించింది. నైన్ వంగి దూరాడు. వెనక గడియ పడింది.

"సారీ డార్లింగ్," అంది తలుపు అవతల నుంచి. "మబ్బు పట్టింది."

గూటిలో నిలబడే వీల్లేదు. పగలంతా కాగిన రాయి ఒళ్లు ఉడికిస్తోంది. కలంలో దాచిన వైర్‌లెస్ ఆ రాళ్ల మధ్య మూగబోయింది. అరిస్తే వెనకున్న ఆర్కెస్ట్రా మింగేస్తుంది. ముందున్న కంతలోంచి స్టేజీ తప్ప ఏమీ కనబడదు. అక్క ఎక్కడో అతని వీపు వెనక ఉంది.

ఆట ఆగితే షూటర్ అప్పుడే కాల్చేస్తాడేమోనని నైన్ డైలాగులు అందిస్తూనే ఉన్నాడు. చివరి పాట మొదలయ్యేసరికి అట్టకోట కిటికీలో తుపాకీ గొట్టం కనిపించింది. కళ్ల ముందే చావు, చెయ్యడానికి ఏమీ లేదు.

రాజుగారు కంత దగ్గరికొచ్చి, మాట కోసం చెవి వంచాడు.

నైన్ అందించాడు. రాజుగారు చెయ్యెత్తి పాడాడు.

"మూడో వరుసలో కళ్లజోడు అక్కయ్యా, తల దించవమ్మా, కిందికి వంగవమ్మా!"

రాణి ఉలిక్కిపడింది. పాడుతూనే వచ్చి తన పెద్ద గౌనుతో కంత మూసేసింది. గూడు చీకటైపోయింది. మూగబోయిన కలానికి పాళీ ఇంకా ఉంది. నైన్ దాన్ని ఆమె మడమలో కసుక్కున గుచ్చాడు. ఆమె కేకతో పక్కకి గెంతింది. ఎంత పైస్థాయో అని జనం చప్పట్లు కొట్టారు.

"కోట కిటికీలో తుపాకీవాడు, పట్టండి భటులారా! రాణీ వాడి మనిషే, కట్టండి భటులారా!"

భటులు అట్టకత్తులతో కోట మీద పడ్డారు. కంచు తాళాలు మోగాయి. తుపాకీ పేలింది. వెనకెక్కడో రాయి పగిలింది. రాయేనా? నైన్ తల తిప్పడానికి కూడా చోటు లేదు. "అక్కా," అన్నాడు. ఆ మాటకి కూడా రాజుగారు రాగం తీశాడు.

జనం వన్స్ మోర్ అంటున్నారు. భటులు తుపాకీవాణ్నీ రాణినీ నిజంగానే కట్టేశారు. రాజుగారు మళ్లీ చెవి వంచాడు.

అప్పుడు వెనక గడియ తీసిన చప్పుడైంది. కళ్లజోడు నిండా రాతిదుమ్ముతో అక్క వంగి చూసింది.

"రాజు 'అక్కా' అనగానే అందించింది నువ్వేనని తెలిసింది. ఆ వరుసలో కళ్లజోడున్న ఆడవాళ్లంతా వంగార్రా. ఇద్దరు నా మీదే పడ్డారు."

నైన్ భోరుమన్నాడు. అక్క గూటిలోకి తలా చెయ్యీ దూర్చి అతని తల నిమిరింది.

"ఏడవకురా. ఇంటికెళ్లాక తిడతాలే."

పైన రాజుగారు చెయ్యెత్తి, ఆ మాటే జనం చెవులు అదిరేలా పాడాడు.