పెట్టె మీద రాసిన పేరు

పొద్దున్నే ముల్లంగులు కడగడానికి కూర్చున్న హిసాకో, కడిగినవాటినే మళ్లీ కడుగుతోంది. కార్తె మారి చలి ముదిరింది. కొండ మీంచి దిగే కాలవ నీళ్లు వేళ్లని కొరికేస్తున్నాయి. ఆ సంగతి కూడా ఆవిడకి పట్టినట్టు లేదు. చెయ్యి ముల్లంగి మీద ఉంది, చెవి మాత్రం కింద రోడ్డు మీద ఉంది.

చూరు కింద నిచ్చెన మీద నిలబడి ఆవిడ భర్త మసారు ముల్లంగుల్ని జతలు జతలుగా వెదురు గడకి కడుతున్నాడు. ఏటా ఈ రోజుల్లో ఆ ఇంటి ముందు తెల్లటి తెర దిగినట్టుంటుంది. గాలికి అవి వాడి, ఇటు వంచితే ఇటు, అటు వంచితే అటు వంగేదాకా ఎండాలి. అప్పుడు తవుడూ ఉప్పూ వేసి తొట్లో ఊరగాయ పెట్టాలి.

"తోలు ఊడిపోయేదాకా తోముతావా దాన్ని?" అన్నాడు మసారు.

"మట్టి ఉందండీ."

"మట్టి ముల్లంగికి కాదు, నీ మనసుకి అంటుకుంది. ఇటివ్వు. పిల్ల వస్తోందని నాకు తెలీదనుకున్నావా? నిన్న రాత్రే గుమ్మడికాయ కోసి పెట్టావు."

హిసాకో ముల్లంగి అందించింది కానీ తల ఎత్తలేదు. పిల్ల వస్తోందని తెలిసింది, సరే. ఎందుకొస్తోందో తెలిస్తేనే అసలు తంటా.

వాళ్ల ఒక్కగానొక్క కూతురు చిహారు. పట్నంలో కళ్లజోళ్ల దుకాణంలో పనిచేస్తుంది. ఎండాకాలంలో బిక్రమ్ గురుంగ్ అనే నేపాలీ అబ్బాయిని పెళ్లి చేసుకుంది. అతను వంటవాడు. మసారు ఆ పెళ్లికి అవుననలేదు, కాదనలేదు. "మీ ఇష్టం" అని నోరు మూసుకున్నాడు, అంతే. అల్లుడి పక్కన నిలబడి ఒక్క ఫోటో కూడా దిగలేదు. ఇంతలో బిక్రమ్ పనిచేసే హోటలు మూతపడింది. వంటవాడిగా ఇచ్చిన వీసా కొత్త సంవత్సరం దాకానే. ఈలోగా దాన్ని భర్త వీసాగా మార్చుకోకపోతే అతను పెట్టె సర్దుకోవాల్సిందే. పెళ్లి నిజమైనదా, కాగితం కోసం చేసుకున్నదా అని వీసా వాళ్లు నూటొక్క ప్రశ్నలు వేస్తారు. ఈ పెళ్లి మీ బంధువుల్లో ఎవరెవరికి తెలుసు అని అడుగుతారు. ఇంటివాళ్లతో దిగిన ఫోటోలు పెట్టమంటారు.

అంతవరకైతే హిసాకో ఎలాగో నెట్టుకొచ్చేది. కానీ కూతురు ఇంటిపేరు మార్చుకుంటానంటోంది. ఆ దేశంలో పరాయి దేశస్థుణ్ణి చేసుకున్న పిల్ల తన ఇంటిపేరు ఉంచుకోవచ్చు. మొగుడి పేరు కావాలంటే పెళ్లయిన ఆర్నెల్లలోపు పురపాలక ఆఫీసులో ఒక్క కాగితం ఇస్తే సరిపోతుంది. ఆ గడువు ఈ వారంతో సరి. పేరు మార్చుకుని, ఆ కొత్త పేరుతోనే వీసా కాగితాలు పెడతానని చిహారు ఫోన్లో చెప్పింది.

"ముందు ఫోటో దిగండి. పేరు సంగతి తరవాత నేను మెల్లిగా చెబుతాను," అని హిసాకో సలహా ఇచ్చింది. ఆ సలహాయే రాత్రంతా ఆవిడ్ని పక్క మీద దొర్లించింది.

మసారు ఇల్లరికపు అల్లుడు. మొచిజుకి వారింట మగపిల్లలు లేకపోతే, దూరాన దీవిలో పుట్టిన రెండో కొడుకుని తెచ్చి, హిసాకో తండ్రి తన ఇంటిపేరు పెట్టి అల్లుణ్ణి చేసుకున్నాడు. అప్పటివరకూ అతను హొన్మా మసారు. సంతకం పెట్టిన మధ్యాహ్నం నుంచి మొచిజుకి మసారు. ముప్పై అయిదేళ్లుగా ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. అతనూ ఎత్తలేదు.

కారు ఆగింది. చిహారు దిగుతూనే, "నాన్నా, నిచ్చెన దిగు, ఈ వయసులో కోతి చేష్టలేంటి," అంది.

"కోతులకి వయసుండదు. మీ అమ్మనడుగు."

బిక్రమ్ వంగి దణ్ణం పెట్టాడు. మసారు తలాడించాడు, అంతే. చేలో ఇంకా పీకాల్సిన సాళ్లున్నాయి. బిక్రమ్ అడక్కుండానే చొక్కా చేతులు మడిచి దిగాడు. గంపలో ముల్లంగులు నింపి, నుదుటికి పట్టీ తగిలించుకుని, వీపు మీద గంపతో గట్టు ఎక్కి వచ్చేశాడు. ఆయాసం కూడా లేదు. మసారు చేతిలో తాడు పట్టుకుని అలాగే చూశాడు.

"ఎక్కడ నేర్చుకున్నావ్?"

"మా ఊళ్లో ఇలాగే మోస్తాం మామయ్యగారూ. మాది మీకన్నా నిట్టనిలువు కొండ."

"మాదే నిలువనుకున్నానే," అన్నాడు మసారు. ఆ మాటలో రవ్వంత నవ్వు వినిపించి హిసాకో ప్రాణం లేచొచ్చింది. ఇప్పుడే ఫోటో తీసేద్దాం అన్నట్టు కూతురికి కనుసైగ చేసింది. అన్నం తిన్నాక అని చిహారు సైగ చేసింది. ఆ కాస్త ఆలస్యమే కొంప ముంచింది.

గుమ్మడికాయ ముక్కలు, వెడల్పాటి పిండి పట్టీలు వేసిన పులుసు కుండ మధ్యలో పెట్టుకుని నలుగురూ కూర్చున్నారు. బిక్రమ్ ఒద్దికగా మోకాళ్ల మీద కూర్చుని, సంచిలోంచి ఒక మిఠాయి పెట్టె తీసి, రెండు చేతులతో మామగారి ముందుకి జరిపాడు. పెట్టె మీద తెల్ల కాగితం చుట్టి ఉంది. పైన ఎర్ర తాడు బొమ్మ, కింద సిరాతో ఇచ్చినవాళ్ల పేరు. పెద్దవాళ్లకి ఏమిచ్చినా అలా ఇవ్వడం అక్కడి మర్యాద. ఎవరి పేరు రాయాలని కొట్టువాడు అడిగితే బిక్రమ్ మర్యాదకి లోటు రాకూడదని ఒకే ఇంటిపేరు కింద తమ ఇద్దరి పేర్లూ రాయించాడు. 'గురుంగ్ బిక్రమ్, చిహారు' అని.

"పేరు విషయంలో మీరు పెద్ద మనసు చేసుకున్నారు మామయ్యగారూ," అన్నాడు తల వంచి, అత్తగారు ఈపాటికే చెప్పి ఉంటారనుకుని.

హిసాకో చేతిలో గరిటె ఆగిపోయింది.

మసారు పెట్టె అందుకోలేదు. దాని మీద పేరు రెండుసార్లు చదివాడు. "ఏ పేరు విషయం?"

కుండలో పులుసు కుతకుతలాడుతోంది.

"నేనే చెబుదామనుకున్నానండీ..." అంది హిసాకో.

"నిన్నడగలేదు. చిహారూ, ఏ పేరు విషయం?"

"గురుంగ్ అని మార్చుకుంటున్నాను నాన్నా. రేపు కాగితం ఇస్తాను."

"మొచిజుకి ఏం పాపం చేసింది?"

"పాపమేం లేదు. ఈ లోయలో రాయి విసిరితే మొచిజుకికే తగులుతుంది. పోస్టువాడు కూడా మనల్ని నీటి మిల్లు వాళ్లనే అంటాడు. ఒక్క మొచిజుకి తగ్గితే ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది."

"మామయ్యగారూ, నేను అడగలేదు," అన్నాడు బిక్రమ్ గాభరాగా. "వద్దని కూడా అన్నాను."

"నువ్వు పులుసు తాగు. చల్లారిపోతుంది," అన్నాడు మసారు.

చిహారుకి రోషం వచ్చింది. "ఎందుకో అడగవా నాన్నా? వాన రోజుల్లో ఇతను పేగు వాచి ఆస్పత్రిలో పడ్డాడు. లోపలికి వెళ్తానంటే, మీరేమవుతారమ్మా అని అడిగారు. భార్యనంటే, ఇంటిపేర్లు వేరుగా ఉన్నాయి, పెళ్లి కాగితం తెమ్మన్నారు. ఇంటికెళ్లి కాగితం తెచ్చేదాకా ఇతను లోపల, నేను బయట బల్ల మీద. మళ్లీ అలా కూర్చోలేను. అయినా నువ్వు మార్చుకోలేదా? నీకేమైంది? చక్కగానే ఉన్నావుగా."

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సిందని అన్న వెంటనే ఆ పిల్లకీ తెలిసింది. హిసాకో భర్త వంక చూసింది. అతను లేచి వెళ్లిపోతాడనుకుంది. మాట తెగిన ప్రతిసారీ అతను చేసేది అదే. లేచి చేలోకి పోతాడు, చీకటి పడ్డాక వస్తాడు, వచ్చి స్నానానికి నీళ్లు కాగాయా అంటాడు.

ఈసారి లేవలేదు.

"మా అమ్మ పోయినప్పుడు మీ అమ్మ నిన్ను మోస్తోంది. అందుకని నేనొక్కణ్ణే దీవికి వెళ్లాను," అన్నాడు నెమ్మదిగా. "ధూపం వేసేటప్పుడు వరస ప్రకారం పిలుస్తారు కదా. మా పెద్దన్న, వాడి పెళ్లాం, వాడి పిల్లలు, మా తమ్ముడు. తరవాత బాబాయిలు, వాళ్ల కొడుకులు. అందరూ హొన్మాలే. నేను వెనక వరసలో, పంచాయితీ ఆయన పక్కన ఉన్నాను. ఇంకో ఇంటివాణ్ణి కదా, అక్కడే కూర్చోవాలని మా బాబాయి చెప్పాడు. చెప్పినవాడు మర్యాదగానే చెప్పాడు, తప్పులేదు. అందరూ అయ్యాక 'మొచిజుకి గారు' అని పిలిచారు."

ఆగాడు. చేత్తో బల్ల అంచు తుడిచాడు, అక్కడేమీ లేకపోయినా.

"మీ మొచిజుకి తాతయ్య కూడా వచ్చాడేమోనని వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. అందరూ నన్నే చూస్తున్నారు. మా అమ్మ శవం ముందు నన్ను పిలిస్తే, ఎవర్నో పిలిచారనుకున్నానే."

చిహారు నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"నువ్వు ఎవర్ని చేసుకున్నావని నాకు బాధ లేదు. గంప మోసే మనిషి, బాగానే ఉన్నాడు. కానీ రేపు నేను పోయినప్పుడు నిన్ను 'గురుంగ్ గారు' అని పిలుస్తారు. అందరి తరవాతా, వెనక వరసలోంచి. నాకున్నది నువ్వొక్కదానివి."

హిసాకోకి కాళ్ల కింద చాప జరిగినట్టయింది. ముప్పై అయిదేళ్లు పక్కన పడుకున్న మనిషి. ఆ చావు నుంచి తిరిగొచ్చిన సాయంత్రం ఆవిడకి ఇంకా గుర్తే. ఎలా జరిగిందండీ అని అడిగితే, బాగా జరిగింది, చేపలు పంపారు అన్నాడు. ఆవిడ చేపలు విప్పి, ఉప్పు ఎక్కువైందని అంది. ఇంకేమీ అడగలేదు. పుట్టిన ఇంట్లోనే పుట్టిన పేరుతోనే పెరిగి, పెళ్లాడి, పిల్లని కని, గిన్నె కూడా చోటు మార్చకుండా బతికింది తను. మొగుడు తన కోసం ఏం వదులుకొచ్చాడో తూకం వేసి చూడాలని ఏనాడూ తోచలేదు. కళ్లు మసకబారాయి. కొంగు లేని దేశం. ఎప్రన్ అంచుతోనే తుడుచుకుంది.

"ఇల్లు నాది," అంది ఉన్నట్టుండి. గొంతు గట్టిగానే వచ్చింది. "మా నాన్న నాకిచ్చిన ఇల్లు. ఈ ఇంట్లో ధూపానికి ఎవరు ముందు లేవాలో నేను చెబుతాను. ఏ పేరైనా పెట్టుకోనీ, మొదట ధూపం వేసేది నా కూతురే. దాని పక్కన ఇతను. బాబాయిలూ పంచాయితీలూ ఆ తరవాత."

"పిలిచేదాకా కూడా ఆగను నాన్నా," అంది చిహారు ఏడుస్తూ. "నేనే లేచి వస్తాను. ఎవరాపుతారో చూస్తాను."

మసారు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "తల్లీ కూతుళ్లు కలిసి నన్ను ఇవాళే సాగనంపేలా ఉన్నారు. పులుసన్నా తాగనివ్వండి."

బిక్రమ్ నవ్వాలో వద్దో తెలీక గిన్నెలోకి చూస్తూ కూర్చున్నాడు. మసారు చెయ్యి చాపి మిఠాయి పెట్టె దగ్గరికి లాక్కున్నాడు. తెల్ల కాగితాన్ని చిరక్కుండా విప్పాడు. నాలుగు మడతలు పెట్టి అల్లుడికి తిరిగి ఇచ్చేశాడు.

"ఆఫీసులో ఏం రాసుకుంటారో రాసుకోండి. మా ఇంటికి వచ్చేటప్పుడు మాత్రం ఇది చుట్టుకు రాకండి. పేరు రాసి ఇచ్చేది బయటివాళ్లు."

"అలాగే మామయ్యగారూ," అన్నాడు బిక్రమ్. "అసలు ఈసారి నేనే వండుకొస్తాను."

"కారం తగ్గించు."

అన్నాలయ్యాక చూరు కింద, ముల్లంగుల తెర ముందు నలుగురూ నిలబడ్డారు. ఫోను పెట్టడానికి చోటు లేక తవుడు డబ్బా మీద ఆనించారు. మొదటి ఫోటోలో మసారు కళ్లు మూసుకున్నాడు. రెండోదాంట్లో బిక్రమ్ తల మీద ముల్లంగి కొమ్ములా మొలిచింది. చాలు, ఇది బాగుందంటే మసారు ఒప్పుకోలేదు. వీసా వాళ్లు చూసేది, గడ వంకరగా ఉంది అని నిచ్చెన వేసి సర్ది వచ్చాడు. మూడోసారి అల్లుడి భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియని చెయ్యిలా బిగుసుకుని ఉంది. అయినా తియ్యలేదు. వీసా కాగితంలో బంధువుల్లో ఎవరికి తెలుసు అన్నచోట చిహారు మొదట తండ్రి పేరే రాసింది. అందులో తప్పు రాసిందేమోనని అతను అద్దాలు పెట్టుకుని మరీ చదివాడు.

కారు కొండ మలుపు తిరిగాక వాకిలంతా బోసిగా అయిపోయింది. పొద్దు వాలుతోంది. మసారు మిగిలిన ముల్లంగులు కట్టడానికి మళ్లీ నిచ్చెన ఎక్కాడు. హిసాకో కింద నిలబడి ఒక్కో జత అందిస్తోంది. పొద్దుటి గాభరా పోయింది కానీ, దాని చోటులో ఇంకోటి వచ్చి కూర్చుంది.

"ఏవండీ, ఊరగాయ పెట్టేశాక ఓసారి దీవికి వెళ్దాం. అత్తయ్యగారి సమాధి నేను చూడనే లేదు."

"వెళ్తే ఎవరొచ్చారంటారు?"

"కొడుకొచ్చాడని చెబుతాను."

అతను ముడి బిగించి, మళ్లీ విప్పి, మళ్లీ బిగించాడు. హిసాకో ఆ వీపుని చూసింది. ఆ వీపు కోసం ఒక మాట వెతుక్కుని, నోట్లోనే ఒకసారి అనుకుని, గొంతు సవరించుకుంది.

"హొన్మా గారూ," అంది.

తాడు పట్టుకున్న చేతులు ఆగాయి. ఎవర్నో పిలిచారన్నట్టు అతను వెనకా ముందూ చూడలేదు. నిచ్చెన మీదే మెల్లిగా తిరిగి, నేరుగా ఆవిడ కళ్లల్లోకి చూసి, "ఆఁ," అన్నాడు.