కంపైలర్ మింగేసిన తాళం

"ఓపెన్ సోర్స్ అంటే తెలుసా?" అడిగాడు చీఫ్.

"ఎవరైనా చదవొచ్చు, ఎవరైనా మార్పులు పంపొచ్చు. మా అక్క పని అదే సార్," అన్నాడు ఏజెంట్ పిచ్చుక.

"అందుకే నిన్ను పిలిపించాను."

బ్రీఫింగ్ క్లుప్తంగా సాగింది. అక్క చూసుకునే ఆపరేటింగ్ సిస్టమ్ మీదే ఆస్పత్రులు, రైళ్లు, డ్యామ్ గేట్లు నడుస్తున్నాయి. కొత్త ప్రాసెసర్ మీద దాన్ని పరుగులు పెట్టించే కంపైలర్ ఆప్టిమైజేషన్లు, అంటే వేగం పెంచే మార్పులు, ఇవాళ అందులో చేరబోతున్నాయి. పంపింది విదేశీ ముఠా. ప్రోగ్రామ్ ఎంత చదివినా తప్పు కనబడదు. దాన్ని ఆ ప్రాసెసర్ భాషలోకి మార్చే కంపైలరే, మార్చేటప్పుడు పాస్‌వర్డ్ సరిచూసే భాగాన్ని అనవసరమని ఎత్తేస్తుంది. తాళం మాయం!

"అక్కడ ముఠా మనిషెవరు?"

"కోడ్ నేమ్ వెన్నెల. ఒకప్పుడు మన ఏజెంటే. ఇప్పుడెవరి మనిషో దేవుడికే తెలియాలి. మీ అక్కకి కుడిభుజం."

"మనకి ఉప్పందించిందెవరు?"

"పేరు చెప్పకుండా ఫోన్ పెట్టేశారు."

పిచ్చుక తన పాత వేషంలోనే వెళ్లాడు. మోటారు పంపుల సేల్స్‌మన్. ఇంట్లోవాళ్లకు తెలిసిన ఉద్యోగం అదే. చొక్కా గుండీలో కెమెరా.

"ఏరా, దారి తప్పి వచ్చావా?" తలుపు తీసిన అక్క కళ్లు ఎర్రబారి ఉన్నాయి. గది నిండా సర్క్యూట్ బోర్డులు, ఫ్యాన్ల హోరు. కిటికీ పక్కన, సినిమా పోస్టర్లోంచి దిగివచ్చినట్టున్న వెన్నెల టెస్టులు నడుపుతోంది.

"ఈ పిల్లే లేకపోతే ఎప్పుడో చేతులెత్తేసేదాన్ని. జీతం లేని చాకిరీకి ఎవరొస్తారు చెప్పు? ఉండు, ఈ ఒక్కటీ కలిపేసి మాట్లాడతా."

అక్క వేలు ఎంటర్ మీదకు వెళ్లింది.

"అక్కా, ఆగు! నేను పంపులు అమ్మను."

"తెలుసులేరా. మా ఇంట్లో పంపు చెడిపోతే ప్లంబర్ని పిలవమన్నావు."

"ఆ కొత్త ప్రాసెసర్ మీద కంపైలయ్యాక ఏం మిగిలిందో చూడు. పాస్‌వర్డ్ చెక్ ఉందా?"

అక్క చూసింది. మళ్లీ చూసింది. ముఖం పాలిపోయింది. రిజెక్ట్ నొక్కి, వెన్నెల వైపు తిరిగింది.

"నువ్వా?"

"అవునక్కా. వీళ్ల ఆఫీసుకి ఫోన్ చేసి చెప్పిందీ నేనే. మా తమ్ముడు వాళ్ల చేతిలో ఉన్నాడు. నేను ఆపానని తెలిస్తే వాణ్ని బతకనివ్వరు. మీరే పట్టుకున్నారని చెబుతాను."

"నమ్ముతారా?" అడిగాడు పిచ్చుక.

వెన్నెల లిప్‌స్టిక్ దిద్దుకుంది. గీత పక్కకు పోయింది. తుడుచుకుని మెట్లు దిగింది. పిచ్చుక అడ్డుకోలేదు. ఆమె వెళ్లకపోతే ఆ తమ్ముడికి ఈ కాస్త ఆశ కూడా ఉండదు. కింద ఆమె కోసం ఆగి ఉన్న నల్లకారు తలుపు తెరుచుకుంది, మూసుకుంది.

"తమ్ముడున్నాడని ఒక్కసారైనా చెప్పలేదురా," అంది అక్క. కళ్లద్దాలు తుడుచుకుని, ఇన్నాళ్లూ వెన్నెల చేత్తో చేరిన మార్పులన్నీ తెరిచింది. స్క్రీన్ కిందికి జరుగుతూనే ఉంది.

ఫోన్ మోగింది. "శభాష్! ముప్పు తప్పినట్టేగా?" అన్నాడు చీఫ్.

పిచ్చుక అక్క వైపు చూశాడు.

"అప్పుడే ఏం చెప్పగలం సార్? అక్క ఇంకా మొదటి పేజీలోనే ఉంది."