తొట్టి గట్టు మీద అన్నం పొట్లం

సండకాన్ ఊరి బయట, రెండో ప్రపంచ యుద్ధకాలం నాటి ఖైదీల శిబిరంలో ఒక సిమెంటు తొట్టి మిగిలి ఉంది. పొద్దువాలాక దాని దగ్గర నిలబడకూడదంటారు. అక్కడ ఎవరో తిండి పెడతారట... పెట్టేదెవరో మాత్రం చూసినవాళ్ళు లేరు.

ఈ మాట వింటే ఆ ఊరి జైనిస్ నవ్వేవాడు. ఆ తొట్టే అతని ఇంటి గొప్ప మరి. జపాను సైనికుల కళ్ళుగప్పి, ఆకలితో తప్పించుకున్న ఆస్ట్రేలియా ఖైదీలకి తన తండ్రి గింబాంగ్ అక్కడే అన్నం పెట్టాడని పెళ్ళిళ్ళలో, చావుల్లో కూడా చెప్పేవాడు. "తిను తమ్ముడూ, ఇక్కడెవరూ లేరు" — అని పిలిచేవాడట గింబాంగ్. మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండన్న బాపతు. ఊరంతా ఉప్పులేని గంజి తాగిన రోజుల్లో తమ ఇంట్లో ఉప్పు బస్తా ఉండేదని కూడా గొప్పగానే చెప్పేవాడు.

కూతురు జోవిటాని కాలేజీ వాళ్ళు తాత గురించి మాట్లాడమన్నారు. అందుకని ఆమెనీ, ఆమె తమ్ముడు రివాన్‌నీ వెంటబెట్టుకుని ఒక సాయంత్రం ఆ శిబిరంలోని స్మారకానికి వెళ్ళాడు జైనిస్. చనిపోయినవాళ్ళ పేర్లు చెక్కిన రాయి ముందు ఆ పిల్ల చాలాసేపు నిలబడింది.

"తాత ఇంతమందికి పెట్టాడు కదా నాన్నా. వాళ్ళలో ఒక్కడైనా బతికాడా?"

"పెట్టడం మనవంతు. బతకడం వాళ్ళ రాత."

"అంటే ఒక్కడూ లేడన్నమాట."

"అక్కా, తాత వంట అలా ఉండేదేమో," అన్నాడు రివాన్.

జైనిస్ కసిరాడు. జోవిటా మూతి ముడుచుకుని, టార్చి పట్టుకుని ముందుకి వెళ్ళిపోయింది. చెట్ల కింద అప్పుడే చీకటి పడుతోంది.

నడుస్తుంటే జైనిస్‌కి తండ్రి చివరి రోజులు గుర్తొచ్చాయి. గింబాంగ్ తిండి తినక చనిపోయాడు. ఆకలి లేక కాదు. చెయ్యి కంచం దాకా వెళ్ళి ఆగిపోయేది, ఎవరో మణికట్టు పట్టుకున్నట్టు. నోట్లో పెడితే మింగుడుపడేది కాదు. "వాడి చెయ్యి పొట్లం దాకా కూడా రాలేదురా..." అని ఏడ్చేవాడు. జ్వరంలో పలవరింత అనుకున్నారు అందరూ.

జోవిటా తొట్టి దగ్గర కదలకుండా నిలబడి ఉంది.

గట్టు మీద అరిటాకు పొట్లం... విప్పి ఉంది. అన్నం మీంచి ఆవిరి లేస్తోంది. చుట్టూ మనిషన్నవాడు లేడు.

ఆ ప్రాంతంలో ఒక పట్టింపు ఉంది. ఎదురుగా పెట్టిన తిండిని కాదనకూడదు. కడుపు నిండి ఉంటే వేలితోనైనా ముట్టుకుని కదలాలి. ముట్టకుండా వెళ్ళినవాణ్ణి దారిలో పామో మొసలో చూసుకుంటుంది. జైనిస్ పిల్లలకి మాటల కంటే ముందు నేర్పింది ఇదే. రివాన్ వేలు చాచాడు.

అప్పుడు వినిపించింది — తొట్టి లోపలినుంచి, గుసగుసగా, వాళ్ళ భాష సరిగ్గా పలకడం రాని పరాయి గొంతు...

"తిను తమ్ముడూ... ఇక్కడెవరూ లేరు."

అవే మాటలు. కానీ ఆ గొంతులో కృతజ్ఞత లేదు. పగ ఉంది. వెంటనే పొదల్లో ఈల... పరిగెత్తుకొస్తున్న బూట్ల చప్పుడు.

ఉప్పు బస్తా ఎక్కడిదో జైనిస్‌కి అప్పుడు అర్థమైంది. తన తండ్రి పెట్టింది అన్నం కాదు — ఎర. ఆకలిగొన్నవాడు చెయ్యి చాచగానే, ఉప్పు కోసం సైనికులకి పట్టించేశాడు. ఇన్నేళ్ళూ ఆ పొట్లాన్నే ఊరంతా మోసుకు తిరిగినందుకు జైనిస్ సిగ్గుతో కుంచించుకుపోయాడు.

ముట్టకపోతే చావు. ముట్టినా చావే. రివాన్ చేతిని లాగేసి, తన చేతిని అన్నంలో పెట్టాడు.

"కొడుకుని నేను. నన్ను పట్టుకో... పిల్లల జోలికి రాకు."

ఎముకలే మిగిలిన వేళ్ళు, చల్లగా, అతని మణికట్టు చుట్టూ బిగుసుకున్నాయి. కాసేపటికి వదిలేశాయి. బూట్ల చప్పుడు ఆగిపోయింది. అంత తేలిగ్గా ఎందుకు వదిలాయో ఆలోచించకుండా పిల్లల్ని లాక్కుని గేటుకేసి పరిగెత్తాడు.

ఇంటికొచ్చాక భార్య వేడి అన్నం, చేపల పులుసు వడ్డించింది. జైనిస్ చెయ్యి చాచాడు. కంచం అంచు దగ్గర ఆగిపోయింది. చేసుకున్నవాడికి చేసుకున్నంత, తండ్రి పాపం తనతో తీరిపోతుందనుకున్నాడు. భయం కంటే ఊరటే ఎక్కువ కలిగింది. ఎదురుగా రివాన్ ఆవురావురుమని తింటున్నాడు.

పక్కన కంచం మాత్రం అలాగే ఉంది.

జోవిటా చెయ్యి అన్నం మీద, గాలిలో ఆగిపోయి ఉంది.

"నువ్వొచ్చేసరికే నేను ముట్టుకున్నాను నాన్నా... పెట్టింది కాదనకూడదని నువ్వేగా నేర్పావు," అంది మెల్లగా. "నా చెయ్యి పట్టుకున్నదెవరు?"