వేలానికి ముందే పోయిన మిషన్

దసరా నాడు ఉదయం తొమ్మిది గంటలకు జంగప్ప తాండూరులో మూతపడిన నాపరాళ్ల ఫ్యాక్టరీకి వెళ్లాడు. ఏటా లాగే ఆయుధ పూజకు పసుపు, కుంకుమ, నిమ్మకాయ తీసుకెళ్లాడు. తను పనిచేసిన పాలిషింగ్ మిషన్ అక్కడ లేదు.

ఫ్యాక్టరీ దివాలా తీసింది. ఆస్తులు వేలం వేసి బాకీలు తీర్చడానికి కోర్టు ఒక లిక్విడేటర్‌ను పెట్టింది. ఆ బాకీల్లో కార్మికుల జీతాలూ ఉన్నాయి. వేలం ఇంకా జరగలేదు. గేటు కాపలా జంగప్ప కొడుకు పాండుది. ఆ పొద్దున అతను తాళాలు ఇంట్లో పెట్టి పండుగ పని మీద బయటికి వెళ్లాడు.

సాయంత్రం పాండు జమ్మి ఆకు తెచ్చి తండ్రి కాళ్లు మొక్కబోయాడు. జంగప్ప కాళ్లు వెనక్కి తీసుకున్నాడు.

“మిషన్ ఏడికి పోయిందిరా?”

“మొన్న లారీల పోయింది నాయినా. లిక్విడేటర్ సారు గేటు తియ్యమన్నడు, తీసిన.”

“నాకెందుకు చెప్పలే?”

“పండుగ పూట నీకు ఫికరెందుకని. కోర్టు పెట్టిన సారాయన. ఆయన మాటంటే సర్కారు మాటే. నేనెవన్ని అడగనీకి?”

పండుగకు వికారాబాద్ నుంచి వచ్చిన కూతురు పద్మారాణి వంటింట్లోంచి బయటికి వచ్చింది. ఆ ఊళ్లో ఆమె ఒక వకీలు దగ్గర టైపిస్టు.

“ఆయన సర్కారు కాదన్నా. గీ లిక్విడేటర్ల మీద సర్కారు బోర్డు ఉంటది. తప్పు చేస్తే లైసెన్సు గుంజుకుంటది. ఫిర్యాదు చేద్దాం.”

“గేటు తీసినోణ్ని నేనే. ముందుగాల నా నౌకరి పోతది, తర్వాత నన్నే దొంగంటరు. నువ్వు మంచిగ రైలెక్కి పోతవు చెల్లె.”

“ఇప్పుడేమంటున్నరో ఎరికేనా అన్నా? జంగప్ప కొడుకే అమ్ముకున్నడంటున్నరు. జమ్మి చెట్టు కాడ నా ముఖం మీదనే అన్నరు.”

పాండు తండ్రి వైపు తిరిగాడు.

“నువ్వు గూడ గట్లనే అనుకున్నవా?”

“అనుకున్న. పొద్దటి సంది అదే అనుకున్న. పైసలు తీసుకున్నవా?”

“నీ మీద ఒట్టు నాయినా. చాయ గూడ తాగలే.”

పాండు గోడకు ఆనుకుని కూలబడి ఏడ్చాడు. జంగప్ప లేచి వెళ్లి అతని పక్కన కూర్చున్నాడు.

“అయితే ఫిర్యాదు నువ్వే ఇయ్యి కొడుకా. గేటు తీసింది నేనే అని గూడ చెప్పు. దాచకు.”

మర్నాడు వికారాబాద్‌లో పాండు చెబుతుంటే పద్మారాణి టైపు చేసింది. లారీ నంబరు చెప్పాడు. గేటు తీసింది తనేనని చెప్పాడు. ఫిర్యాదు అందిందని బోర్డు నుంచి ఫోనుకు సందేశం వచ్చింది.

ఆ వారంలోనే లిక్విడేటర్ మనిషి పాండును పనిలోంచి తీసేశాడు. తాళాలు అప్పగించడానికి పాండు బయలుదేరితే జంగప్ప వెంట వెళ్లాడు. గేటు దగ్గర పాత కార్మికులు ఉన్నారు. ఎవరూ పలకరించలేదు.

“ఫిర్యాదు ఇచ్చింది నా కొడుకే,” అని జంగప్ప వాళ్లకు చెప్పాడు.